కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చిన దివాన్
సర్ కె. శేషాద్రి అయ్యర్

మెట్ట ప్రాంతం వాళ్ళం కనుక బోరు సంగతి మనకు చెప్పనక్కర లేదు. నీరు లోతుకు పోయిన కొద్దీ మోటారు హార్స్‌పవర్ పెంచుకోవలసిందే. నూరేళ్ళ పైచిలుకు క్రితం కోలారు బంగారు గనులకు సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. దానికి దారి చూపిన మహనీయుడు మైసూరు దివాన్ సర్ కె. శేషాద్రి అయ్యర్. ఈ ప్రత్యేక సంచికలో వారిని స్మరించుకుందాం.

శేషాద్రి అయ్యర్ గారు 1845 జూన్ 1న మలబారులోని పాలక్కాడు ప్రాంతంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1868లో పట్టభద్రులయ్యారు. అదే ఏడాది రంగాచార్యుల వారి ప్రోత్సాహంతో మైసూరు కొలువులో చేరారు. చిన్న ఉద్యోగంతో మొదలై, మెట్టు మెట్టుగా ఎదిగి, 1883లో రంగాచార్యుల వారి తర్వాత దివాన్ అయ్యారు. ఆ పదవిలో పద్దెనిమిదేళ్ళు ఉన్నారు.

కోలారు గనులను 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ చేపట్టింది. కొన్నేళ్ళకు మంచి బంగారు పొర దొరికింది. తమిళ జిల్లాల నుంచి, మన చిత్తూరు ప్రాంతం నుంచి వేలాది కుటుంబాలు అక్కడికి వలస వెళ్ళాయి. అయితే ఆ పొర ఏటవాలుగా భూగర్భంలోకి దిగిపోయేది. దాన్ని వెంబడించి షాఫ్టు తవ్వుతూ పోవాలి. లోతు పెరిగిన కొద్దీ రాయి పైకి లాగడానికి, ఊటనీరు తోడడానికి, డ్రిల్లులకు గాలి అందించడానికి, పైన రాయి పొడి చేయడానికి మరింత శక్తి కావాలి. అదంతా ఆవిరి యంత్రాల మీదే నడిచేది. బాయిలర్లకు కట్టెలు కొట్టి కొట్టి చుట్టుపక్కల అడవి తరిగిపోయింది. బొగ్గు దూరం నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ. గని లోతుకు పోవాలంటే చవకైన శక్తి కావాలి.

మైసూరు ఇంజనీరింగ్ శాఖలో ఉన్న జోలీ డి లాట్‌బినియర్ అనే అధికారి కావేరి మీది శివసముద్రం జలపాతం నుంచి కరెంటు తీసి గనులకు పంపవచ్చునని ప్రతిపాదించారు. దూరం 92 మైళ్ళు. అంత దూరం కరెంటు పంపిన అనుభవం ప్రపంచంలో ఎక్కడా పెద్దగా లేదు. లైను పనిచేయకపోతే సంస్థానం సొమ్ము నీటిపాలు, దివాన్‌కు అపకీర్తి. పైగా లాభపడేది తెల్లవారి కంపెనీ. అయినా గనుల రాయల్టీ సంస్థానానికి వచ్చే ఆదాయం. గని ఆగితే అదీ ఆగుతుంది. అయ్యర్ గారు ఆలోచించి ముందుకే అడుగు వేశారు. ఆ ఇంజనీరును యూరప్, అమెరికాలకు పంపి వివరాలు తెప్పించారు. కరెంటు కొనేటట్లు కంపెనీతో ఒప్పందం కుదిరింది. విదేశాల నుంచి వచ్చిన బరువైన యంత్రాలను రైలు దిగాక ఏనుగులు, బండ్లతో జలపాతానికి చేర్చారు.

అయ్యర్ గారి కృషి అంతటితో ఆగలేదు. బెంగుళూరుకు హెసరఘట్ట నీరు, గనులకు రైలు మార్గం, 1898లో మొదలైన మారికణివె జలాశయం వారి హయాంలోనివే. ఆ పనుల మధ్యనే 1898లో బెంగుళూరును ప్లేగు పట్టి పీడించింది. వారి ఆరోగ్యం కూడా చెడింది. 1901 మార్చిలో పదవి విరమించారు. సెప్టెంబరు 13న కన్నుమూశారు. పట్టుమని ఆరు నెలల విశ్రాంతి కూడా దక్కలేదు.

1902 జూన్ 30న శివసముద్రం కరెంటు కోలారు చేరింది. చూడటానికి అయ్యర్ గారు లేరు. ఆ కరెంటే 1905లో బెంగుళూరు వీధి దీపాలను వెలిగించింది. గనులు మాత్రం దిగుతూనే పోయాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటింది. లోపలి వేడికి చల్లగాలి యంత్రాలు పెట్టవలసి వచ్చింది. రాతి ఒత్తిడికి గోడలు పేలి ఎందరో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కరెంటు లోతుకు దారి చూపింది గాని, ఆ లోతు ప్రమాదాన్ని తీర్చలేకపోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

సర్వీసులో మనం మొదలుపెట్టిన పనులు కొన్ని మన రిటైర్మెంటు తర్వాతే పూర్తయ్యాయి. ప్రారంభోత్సవానికి పిలుపు రాలేదని నొచ్చుకున్న సోదరులు మనలో ఉన్నారు. అటువంటప్పుడు శేషాద్రి అయ్యర్ గారిని ఒక్కసారి తలచుకుంటే మనసు కుదుటపడుతుంది.