జోహాన్ కెల్డాల్

ధాన్యమున మాంసకృత్తు లెన్నిపాళ్లు గలవు, ఎరువున నత్రజని యెంత గలదు అను ప్రశ్నలు వ్యవసాయపరిశోధనశాలలలో ప్రతిదినమును వేయబడుచున్నవి. వీనికి సమాధానము చెప్పు పద్ధతి 1883 లో డెన్మార్కు దేశమున నొక బీరు కర్మాగారమునకు జేరిన ప్రయోగశాలలో పుట్టినది. మద్యనిషేధమును గోరు మా చదువరు లీమాటకు ముఖము చిట్లింపకుందురు గాక! ఆ బట్టీలో పుట్టిన విద్య పాలకును, గోధుమపిండికిని, పశువుల దాణాకును గూడ నుపకరించినది.

జోహాన్ కెల్డాల్ 1849 వ సంవత్సరము ఆగస్టు 16 వ తేదీన యేగర్స్‌ప్రిస్ అను నూర నొక వైద్యుని యింట జన్మించెను. కోపెన్‌హేగెన్ నగరమున రసాయనశాస్త్రము నభ్యసించి, అచ్చటి వ్యవసాయ కళాశాలయందు బార్‌ఫోడ్ పండితునికి సహాయకుడుగా నుండెను. కార్ల్స్‌బెర్గు కర్మాగార యజమాని యాకబ్‌సెన్ 1875 లో నొక ప్రయోగశాలను నెలకొల్పగా, మరుసటి యేట దాని రసాయనశాఖకు కెల్డాల్ అధిపతి యయ్యెను. అచ్చట కనుగొనబడిన దేదియు వ్యాపారరహస్యముగా దాచరాదనియు, లోకమునకు వెల్లడింపవలెననియు యాకబ్‌సెన్ కట్టుబాటు చేసియుండెను. లాభమే పరమార్థమైన వర్తకులలో నిట్టివా రరుదు.

బార్లీగింజ మొలకెత్తునప్పుడును, దాని రసము పులియునప్పుడును మాంసకృత్తు లెట్లు మారుచుండునో తెలిసికొనుట కెల్డాల్ పని. దీనికి కొలతలు పెక్కులు కావలెను. అప్పటికి డ్యూమా అను ఫ్రెంచిపండితుని పద్ధతి యొకటి కలదు. పదార్థమును గాల్చి, వెలువడిన నత్రజనివాయువును గొలువవలెను. అది మిగుల శ్రమతో గూడినది; ఒక్కొక్క కొలతకును చాల కాలము పట్టెడిది.

కెల్డాల్ కాల్చుట మాని ఉడికించెను. కొలిచిన పదార్థమును పొడుగుమెడ గాజుకుప్పెలో వేసి, గాఢమైన గంధకికామ్లముతో మరగించెను. పదార్థము తొలుత నల్లబడి, క్రమముగా తేటపడును. అందలి నత్రజని యామ్లముతో గలిసి అమోనియా లవణమై నిలిచిపోవును. పిమ్మట క్షారము గలిపి కాచినచో అమోనియా యావిరియై లేచును. దానిని తూచి యుంచిన ఆమ్లములోనికి బట్టి, ఎంత యామ్లము ఖర్చయ్యెనో చూచినచో లెక్క తేలును. ఒక్కమారే పలుకుప్పెలను వరుసగా నుడికింపవచ్చును. 1883 మార్చి 7 వ తేదీన స్వదేశపు రసాయనసంఘమున దీనిని వివరించి, ఆ యేడే జర్మను పత్రికలో ప్రకటించెను. విల్ఫార్తు 1885 లో లోహములను జేర్చి పనిని త్వరపరచెను. గన్నింగ్ 1889 లో పొటాసియము సల్ఫేటును గలిపి ఆమ్లము మరింత వేడిమి కెక్కునట్లు చేసెను. కుప్పె మాత్రము కెల్డాల్ పేరనే నిలిచినది.

ఇచ్చట మే మొక హెచ్చరిక చేయక తప్పదు. ఈ పద్ధతి కొలుచునది నత్రజనినే కాని మాంసకృత్తులను గాదు. మాంసకృత్తులలో నూటికి సుమారు 16 పాళ్లు నత్రజని యుండుటచేత, వచ్చిన యంకెను 6.25 చే గుణించుట వాడుక. బియ్యమునకు 5.95, గోధుమకు 5.7, పాలకు 6.38 అని వేర్వేరు గుణకములును గలవు. నైట్రేటు రూపమున నున్న నత్రజని నేరుగా నీ పద్ధతికి జిక్కదు. కావున ఎరువులను బరీక్షించువారు దానికి వేరుగా నేర్పాటు చేసికొనవలెను. అన్నిటికంటె ఘోరమైనది మోసము. మెలమీను అను రసాయనమున మూడింట రెండుపాళ్లు నత్రజనియే. నీరు గలిపి పలుచనైన పాలలో దానిని గలిపినచో పరీక్షలో పాలు చిక్కనివిగా దోచును. చీనాదేశమున 2008 లో నీ యక్రమము బయటపడినది. సుమారు మూడులక్షల పసిబిడ్డలు జబ్బుపడిరి, ఆరుగురు మరణించిరి. ఈ పాపమును కెల్డాల్ మీద మోపుట న్యాయము గాదు. ఆయన కుప్పె నత్రజనిని సరిగానే చెప్పినది. గుణకముతో గుణించి, ఆ నత్రజని యెక్కడిదని యడుగక యూరకున్నవారే దోషులు.

కెల్డాల్ 1900 జూలై 18 వ తేదీన, ఏబదియొకటవ యేటనే, టిస్‌విల్డె తీరమున సముద్రస్నానము చేయుచు మరణించెను. ఆయన పీఠమున సోరెన్‌సెన్ నియమితుడై, 1909 లో ద్రవముల పులుపును క్షారత్వమును దెలుపు పీహెచ్ మానమును లోకమున కిచ్చెను. మన రైతులు పొలముమట్టిని బరీక్షకు బంపినప్పుడు తిరిగివచ్చు పత్రములో గనబడు పీహెచ్ అంకె యదియే.