ఇనుము కోసం సముద్రం వెతికిన జాన్ మార్టిన్

ఈ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని నాకు అప్పగించారు. ఎప్పుడూ సి.వి. రామన్ గారు, మేడం క్యూరీ గారే మన గోడ మీద కనిపిస్తారు కదా, ఈసారి నేను జాన్ మార్టిన్ గారి గురించి రాస్తున్నాను. మనకు కొత్త పేరే గానీ సముద్రం గురించి చదివే వాళ్లకు ఆయన బాగా తెలుసు. ఆయన్నే ఎందుకు పట్టుకున్నానో మధ్యలో చెప్తాను.

ఆయన 1935లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, ఓల్డ్ లైమ్ అనే ఊళ్లో పుట్టారు. కాలేజీలో చదువుతుండగా పోలియో వచ్చింది. అప్పటికింకా టీకా అందరికీ అందలేదు. ఆ తర్వాత జీవితమంతా నడవడానికి ఊతం కావలసి వచ్చింది. మా మావకి కూడా పోలియో కాలు. గెడ్డ దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. అలాంటి మనిషి ఊగే ఓడల మీద పని చెయ్యాల్సిన చదువు ఎంచుకున్నారంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత కాలిఫోర్నియా తీరంలో మాస్ లాండింగ్ అనే చోట ఉన్న సముద్ర పరిశోధనశాలకు డైరెక్టర్ అయ్యారు.

ఇప్పుడు అసలు సంగతి. సముద్రం నీళ్లలో కంటికి కనబడని మొక్కల్లాంటి జీవులు కోట్లకు కోట్లు ఉంటాయి. వాటిని వృక్ష ప్లవకాలు అంటారు. వాటికి నోరు లేదు, వేరు లేదు. చుట్టూ ఉన్న నీళ్లలో కరిగిందే ఒంటి పైపొర గుండా లోపలికి రావాలి. అందుకే చిన్నగా ఉండడం వాటికి లాభం. మన వంటశాలలో పెద్ద బంగాళాదుంప కన్నా చిన్న ముక్కలకు ఉప్పు తొందరగా పడుతుంది చూడండి, అలాగే. పైపొర మీద చిన్న చిన్న ద్వారాలుంటాయి. నైట్రేట్‌కి ఒకటి, ఫాస్ఫేట్‌కి ఒకటి, ఇనుముకి ఇంకొకటి.

నైట్రేట్, ఫాస్ఫేట్ బాగా ఉన్న చోట ప్లవకాలు బాగా పెరగాలి. కానీ ఉత్తర పసిఫిక్‌లో, భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్‌లో, అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో రెండూ దండిగా ఉన్నా ప్లవకాలు పలచగానే ఉండేవి. అడ్డాకు విస్తరి నిండా అన్నం వడ్డించి ఉన్నా ఎవరూ ముద్ద ఎత్తనట్టు. పైన జంతు ప్లవకాలు మేసేస్తున్నాయని కొందరన్నారు. ఇనుము చాలక అయి ఉండొచ్చని 1930ల్లోనే కొందరు ఊహించారు. ఊహించారు గానీ రుజువు చెయ్యలేకపోయారు.

ఎందుకంటే ఓడే ఇనుము! తీగ ఇనుము, తుప్పు దుమ్ము గాలిలో ఉంటుంది. నీళ్లు తోడేటప్పుడే అందులో ఇనుము పడిపోయేది. అందువల్ల పాత లెక్కలన్నీ ఎక్కువ చూపించేవి. మార్టిన్ గారు, ఆయన బృందం చేసిన పెద్ద పని ఏమిటంటే నాకు తెలిసినంతలో సీసాలు కడగడమే. నవ్వకండి. ప్లాస్టిక్ సీసాలను ఆసిడ్‌తో కడిగారు, లోహం తగలని తాళ్లు వాడారు, దుమ్ము రాని గదిలో పని చేశారు. అప్పుడు బయటపడింది నిజం లెక్క. నడి సముద్రం పైనీళ్లలో ఒక్క గ్రాము కరిగిన ఇనుము కావాలంటే కోటి లీటర్లకు పైగా వెతకాలి!

ఇంత తక్కువ ఎందుకు? గాలి తగిలిన నీళ్లలో ఇనుము తుప్పులా మారి అడుక్కి దిగిపోతుంది. అందుకని కొన్ని బాక్టీరియాలు ఒక ఉపాయం చేస్తాయి. సైడెరోఫోర్ అనే పదార్థాన్ని నీళ్లలోకి వదుల్తాయి. అది ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని బాక్టీరియా తన ద్వారం గుండా లోపలికి తీసుకుంటుంది. తాము ఏమీ తయారు చెయ్యకుండా పక్కవాళ్లు వదిలినదాన్ని లాక్కునే బాక్టీరియాలు కూడా ఉన్నాయి. తాళం వెయ్యని పెట్టెలో సబ్బు సంగతి మన గదిలో అందరికీ తెలుసు, పేర్లు రాయను. ఇక ఇనుము లేకపోతే ప్లవకం ఎండను సరిగ్గా వాడుకోలేదు, లోపలికొచ్చిన నైట్రేట్‌ను కూడా వాడుకోలేదు. విస్తరి ముందున్నా ఆకలే.

ఇక్కడే నా సంగతి చెప్పాలి. పోయిన సంవత్సరం ప్రార్థనలో నేను కళ్లు తిరిగి పడిపోయాను. రక్తం పరీక్ష చేస్తే ఎనిమిది చూపించింది. ఇంటి దగ్గర చోడి అంబలి, ఇక్కడ మూడు పూటలా అన్నం, కడుపు నిండుతూనే ఉంది మరి! నిజం ఏమిటంటే వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర నోట్లో పెట్టుకుని, నర్సమ్మ అటు తిరగగానే కిటికీలోంచి పడేసేదాన్ని. కడుపులో తిప్పుతుందని. ఈ విషయం మేడం గారికి ఇప్పుడే తెలుస్తోంది, క్షమించాలి. సైన్సు మాస్టారు ఆ రోజుల్లోనే ఈయన కథ చెప్పారు.

1988లో మార్టిన్ గారు తన సహచరుడు ఫిట్జ్‌వాటర్‌తో కలిసి ఒక ఫలితం అచ్చు వేయించారు. ఉత్తర పసిఫిక్ నీళ్లు సీసాల్లో పట్టి, కొన్నింటిలో లేశమంత ఇనుము కలిపారు. కలిపిన సీసాల్లో ప్లవకాలు బాగా పెరిగాయి, నైట్రేట్ తగ్గిపోయింది. ఆయన ఇంకా ముందుకెళ్లారు. మంచుయుగాల్లో గాలి నిండా దుమ్ము, ఆ దుమ్ములో ఇనుము, దానితో ప్లవకాలు పెరిగి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి ఉంటాయని 1990లో రాశారు. అర ట్యాంకరు ఇనుముతో మంచుయుగం తెప్పించొచ్చని ఒక సభలో సరదాగా కూడా అన్నారట. అది విని చాలామంది కోప్పడ్డారు. సీసాలో జరిగింది సముద్రంలో జరుగుతుందా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే అనుకుంటాను. ఈ మధ్యలోనే 1989 అక్టోబరు 17న వచ్చిన భూకంపంలో వాళ్ల పరిశోధనశాల భవనం పాడైపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టే పని కూడా ఆయన మీదే పడింది.

సముద్రంలోనే ఇనుము కలిపి చూద్దామని ఆయన ప్రయోగం సిద్ధం చేయించారు. కానీ 1993 జూన్‌లో కాన్సర్‌తో చనిపోయారు. వయసు 58. ఆయన లేకుండానే అక్టోబరులో ఓడ బయల్దేరింది. గాలపాగోస్ దీవులకు దక్షిణాన 64 చదరపు కిలోమీటర్ల నీళ్లలో సుమారు 450 కిలోల ఇనుము కలిపారు. ప్లవకాలు రెండు మూడు రెట్లయ్యాయి గానీ నాలుగు రోజులకే ఆ నీళ్లు వేరే నీళ్ల కిందికి జారిపోయాయి. 1995లో మళ్లీ వెళ్లి, ఈసారి వారం రోజుల్లో మూడు విడతలుగా కలిపారు. నీలంగా ఉండే నీళ్లు పచ్చబడ్డాయి. ప్లవకాల పచ్చదనం ఇరవై రెట్లకు పైగా పెరిగింది. అక్కడ కలిపింది ఐరన్ సల్ఫేట్. మన ఐరన్ మాత్రల్లో ఉండేదీ సాధారణంగా అదే.

అయితే ఇలా ఇనుము పోసి భూమి వేడిని తగ్గించవచ్చా అన్నది ఇంకా తేలలేదు. పెరిగిన ప్లవకాల్లో ఎంత అడుక్కి దిగుతుంది, ఎంత మళ్లీ గాలిలోకి వస్తుంది అన్న దగ్గర ఇప్పటికీ వాదనలున్నాయి. ఆ సముద్రం ఎందుకు పలచగా ఉందన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఆయన చెప్పిందే.

రెండు నెలల కింద నా రక్తం పదిన్నర చూపించింది.

— పదో తరగతి విద్యార్థిని