రాతి ఆనకట్ట కట్టి, గంగను కావేరికి తేవాలనుకున్న ఇంజనీరు

1966లో భారతదేశం విదేశాల నుంచి తెచ్చుకున్న తిండిగింజలు దాదాపు కోటి టన్నులు. అందులో ఎక్కువ భాగం పీఎల్-480 పథకం కింద అమెరికా పంపిన గోధుమలే. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న దేశ దిగుబడి, వానలు ముఖం చాటేయడంతో ఒక్క ఏడాదిలో 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. ఆ మరుసటి ఏడాదీ పెద్దగా కోలుకోలేదు. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓడలను కొద్దికొద్దిగా వదులుతూ, వియత్నాం యుద్ధంపై ఢిల్లీ ఏం మాట్లాడుతోందో గమనిస్తున్న రోజులవి.

అప్పట్లో బీహార్‌లో భాగమైన జంషెడ్‌పూర్‌లో అరవై ఏళ్లకు దగ్గరగా ఉక్కు తయారవుతోంది. అదే ఛోటానాగపూర్ పీఠభూమి మీదున్న పలాము, హజారీబాగ్ జిల్లాల్లో 1967లో ప్రభుత్వం కరువు ప్రకటించింది. రైలు పట్టాలు సొంతంగా చేసుకోగలిగిన దేశానికి, ఆ పట్టాల పక్క ఊళ్లకు సరిపడా గింజలు పండించుకోవడం చేతకాలేదు. కేంద్రంలో ఆ కాలపు నీటిపారుదల వ్యవహారాలతో ముడిపడిన పేరు విజయవాడ ఎంపీ కానూరి లక్ష్మణరావుది. అందరికీ తెలిసిన పేరు కె.ఎల్.రావు.

ఆయన 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. అయినా గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. కొంతకాలం రంగూన్‌లో పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల కూలీలు బర్మా వెళ్లేవారు, బర్మా బియ్యం ఓడల్లో మద్రాసుకూ కలకత్తాకూ వచ్చేది. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకోవడంతో ఆ బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువు వచ్చింది. దానికి కారణం అదొక్కటే కాదు. కానీ పరాయి దేశపు గింజ మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ తరం ఇంజనీర్లకు పుస్తకాలు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత ఆయన ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల బాధ్యత చూశారు. ఆయన పేరుతో విడదీయలేని కట్టడం నాగార్జునసాగర్. కృష్ణా నీటిని తమిళ ప్రాంతాలకు మళ్లించాలన్న మద్రాసు ప్రభుత్వ ఆలోచనకు వ్యతిరేకంగా ముక్త్యాల రాజా లాంటివారు నందికొండ కోసం పోరాడిన కథ తెలుగువారికి తెలిసిందే. అంతగా చర్చకు రానిది, ఆ డ్యామ్ దేనితో కట్టాలన్న ప్రశ్న.

ఉత్తరాదిన భాక్రాను కాంక్రీటుతో కడుతున్నారు. అక్కడ అమెరికన్ ఇంజనీరు హార్వీ స్లోకమ్ పనులు నడిపించారు, యంత్రాలు విదేశాల నుంచి వచ్చాయి. అలాంటిది ఇంకొకటి కట్టాలంటే విదేశీ మారకం లేదు. సిమెంటు కొరత, ఉక్కు మీద కంట్రోలు. నందికొండ దగ్గర మాత్రం రాయికి లోటు లేదు, పని కోసం చూస్తున్న చేతులకూ లోటు లేదు. కె.ఎల్.రావు రాతి కట్టుబడి వైపు మొగ్గారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత పన్నెండేళ్లపాటు వేలమంది మగవాళ్లు, ఆడవాళ్లు తలమీదా భుజాలమీదా బరువులతో కర్రల వంతెనలెక్కి 124 మీటర్ల గోడను లేపారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఉత్తరాన పలాము కరువు ఇంకా వార్తల్లో ఉన్న ఏడాదే.

ఆ రాళ్లు మోసినవారిలో పాలమూరు వాళ్లు ఎందరో. జార్ఖండ్ పలాముకూ తెలంగాణ పాలమూరుకూ పేరులో పోలిక యాదృచ్ఛికమే కావచ్చు, కరువులో పోలిక మాత్రం కాదు. దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు కూలీ సొంత జిల్లాకు కృష్ణా నీళ్లు అందలేదు. బచావత్ ట్రిబ్యునల్ ఆ జిల్లాకు జరిగిన నష్టాన్ని గుర్తించి జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించాల్సి వచ్చింది. దేశం తిండికి నిలదొక్కుకోవడం వేరు, దేశంలో ప్రతి జిల్లా నిలదొక్కుకోవడం వేరు. కె.ఎల్.రావు లెక్కలు మొదటి దానికే ఎక్కువ సరిపోయాయి.

1962లో ఆయన విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967, 1971లోనూ అక్కడి నుంచే గెలిచారు. 1963లో కేంద్ర మంత్రివర్గంలో చేరి నెహ్రూ, శాస్త్రి, ఇందిరల దగ్గర 1973 దాకా కొనసాగారు. ఆయన శాఖ పేరులో నీటిపారుదలతో పాటు విద్యుత్తు కూడా ఉందన్న సంగతి చాలామంది మరచిపోతారు. పల్లెలకు, పంపుసెట్లకు కరెంటు ఇవ్వడానికి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది ఆయన హయాంలోనే, 1969లో. హరిత విప్లవపు గోధుమ, వరి కాలువల కింద ఎంత పండాయో, గొట్టపు బావుల కింద అంతకు తక్కువ పండలేదు. డ్యాము ముందు ఫొటో దిగొచ్చు, పంపుసెట్టు ముందు ఎవరూ దిగరు. భూగర్భ జలాలు అడుగంటాక దాని ఖరీదు ఎంతో తెలిసింది. అది తర్వాతి తరాల బాధ.

1972లో ఆయన తన జీవితంలోకెల్లా పెద్ద ప్రతిపాదన ముందుకు తెచ్చారు: గంగా-కావేరి అనుసంధానం. వరద కాలంలో పట్నా దగ్గర గంగ నుంచి 60,000 క్యూసెక్కులు ఏడాదికి 150 రోజులపాటు తోడి, సుమారు 2,640 కిలోమీటర్ల దారిలో దక్షిణానికి తేవాలన్నది ఆలోచన. ఉత్తరాన ఒకేసారి వరద, దక్షిణాన కరువు చూసిన ఎవరికైనా ఆశ పుట్టించే పథకమే. చిక్కంతా ఎత్తుతో వచ్చింది. నీటిని దాదాపు 550 మీటర్లు ఎత్తిపోయాలి. అందుకు 50 నుంచి 70 లక్షల కిలోవాట్ల విద్యుత్తు కావాలి. అప్పటి దేశ ఉత్పత్తి సామర్థ్యంలో అది మూడో వంతు. ఖర్చు ఆయన చెప్పిన దానికి ఎన్నో రెట్లు అవుతుందని నిపుణులు తేల్చాక పథకం పక్కకు పోయింది.

నందికొండలో ఆయన దేశం చేతిలో ఉన్నది చూసి గీత గీశారు. గంగా-కావేరిలో దేశానికి లేని కరెంటు ఉంటుందని నమ్మి గీశారు. రెండూ ఒకే మనిషి లెక్కలంటే ఆశ్చర్యమే. అయితే ఆయన మొదటి పద్ధతిని వదిలేసి రెండోదాన్నే పట్టుకున్నవారు తర్వాత ఎక్కువయ్యారు. 1982లో ఏర్పడిన జాతీయ జలాభివృద్ధి సంస్థ ఇప్పటికీ నదుల అనుసంధానం ప్రణాళికలు తయారుచేస్తూనే ఉంది.

ఆయన ఆత్మకథ పేరు ‘ది క్యూసెక్స్ కాండిడేట్’. 1986 మే 18న కన్నుమూశారు. సాగర్‌కు దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన పులిచింతల దగ్గర కట్టిన జలాశయానికి ఆయన పేరు పెట్టారు. 2013 డిసెంబరులో ప్రారంభమైన ఆ జలాశయం సామర్థ్యం 45.77 టీఎంసీలు. కంకిపాడు ఉన్న కృష్ణా డెల్టాలో నారుమళ్లకు సమయానికి నీళ్లు అందేలా చూడటమే దాని పని.