బొగ్గుముక్క, ప్లానర్

సెమిస్టర్ మొదట్లో కంఠేశ్వర్‌లో ఓ ప్లానర్ కొన్నాను. గంటగంటకూ గళ్లు గీశాను. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, కవిత రాయాల్సిన రోజు అన్నీ అందులోనే. మూడో వారానికి అది పుస్తకాల కింద పడింది.

మన ఖిల్లా జైలు గుర్తొస్తే సిగ్గేస్తది. 1925లో చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య నిజాంను ఎదిరించి అక్కడ ఖైదీ అయ్యారు. రేపటి భరోసా లేదు. అయినా బొగ్గుముక్కతో జైలు గోడ మీదే పద్యం రాశారు. 1949లో ‘అగ్నిధార’ వెలువడింది. 1974లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1987లో కన్నుమూశారు.

నాకేమో కాగితం ఉంది, పెన్నుంది, రేపు కూడా ఉంది. అందుకేనేమో వాయిదా వేస్తున్నా.

రాత్రి ప్లానర్ బయటికి తీశా. గళ్లన్నీ వదిలేసి ఒక్కటే రాసుకున్నా: కవిత, ఇయ్యాలనే.