పిట్టలకు పొద నాటిన వేటగాడు

బోయవాని బాణానికి క్రౌంచపక్షి కూలటం, ఆ దుఃఖంలో నుంచి ఆదికావ్యం పుట్టటం మనకందరకూ తెలిసిన కథే. ఆ కథలో పిట్టను కొట్టినవాడొకడు, పిట్టకోసం కన్నీరు పెట్టినవాడు వేరొకడు. ఆ యిద్దరూ ఒక్క మనిషిలోనే వుంటే ఆ మనిషి బ్రతుకు ఎలా నడుస్తుంది? అమెరికాలో అటువంటివాడు ఒకడుండేవాడు. చిన్నతనాన పట్టిన తుపాకిని కడదాకా వదలలేదు. పిట్టలు నిలిచే పొదా, గడ్డీ, నీరూ నిలబెట్టటానికి తన చదువంతా, తీరిక అంతా ధారపోశాడు. ఆయన పేరు ఆల్డో లియోపోల్డు.

1887 జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున వున్న బర్లింగ్టను పట్టణంలో ఆయన పుట్టాడు. పెద్దలు జర్మనీనుంచి వలస వచ్చినవారు. ఇంట్లో జర్మను, వీధిలో ఇంగ్లీషు. ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి అయితే ఎలా వుంటుందో మన సంఘంలో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు గదా! తండ్రి కార్ల్ రాతబల్లలు తయారుచేయించే వ్యాపారి, మంచి వేటగాడు. వసంతంలో బాతులు గుడ్లు పెట్టుకునేందుకు ఉత్తరానికి పోతాయి. ఆ రోజుల్లో వాటిని కొట్టటం తప్పని ఏ చట్టమూ అనలేదు. అయినా గుడ్డుకు పోయే పిట్టను కొడితే వచ్చే ఏటికి పిట్ట వుండదని తెలుసుకుని, కార్ల్ తనంతట తానే వసంతపు వేట మానుకున్నాడు. కొడుకు అది చూస్తూ పెరిగాడు.

కొడుకు చేతికి ఒంటిగొట్టపు తుపాకి యిచ్చినప్పుడు తండ్రి ఒక నియమం పెట్టాడు. మన కౌజుపిట్టను పోలిన అడవి పిట్ట ఒకటి అక్కడ వుంది. దానిని కొట్టవచ్చు గాని, ఎగిరేటప్పుడే కొట్టాలి, కొమ్మమీద కూర్చున్నదాన్ని కొట్టరాదు. కుక్క మొరిగితే ఆ పిట్ట ఎగిరి చెట్టెక్కి కదలకుండా కూర్చుంటుంది. గురి తప్పే మాటే లేదు. ఆ ఆశను చంపుకుని కుర్రవాడు ఎన్నోసార్లు వట్టిచేతులతో ఇంటికి వచ్చాడు. చివరకు ఎగిరేపిట్టను మొదటిసారి కొట్టిన చోటు, అక్కడ నాచునేలమీద వున్న మొక్కలతో సహా, ముసలితనం దాకా ఆయనకు గుర్తుండిపోయింది.

ఆ దినాలలో పిట్టలకు వచ్చిన ఆపద ఎంతటిదో తెలియాలంటే ఒక సంగతి చెప్పుకోవాలి. గంటల తరబడి ఆకాశాన్ని కప్పుకుంటూ పోయే పావురాల గుంపులు అమెరికాలో వుండేవి. వాటిని లెక్కపెట్టటం ఎవరి తరమూ కాలేదు. రైళ్ళూ తంతులూ వచ్చిన తరువాత, గుంపు ఎక్కడ దిగిందీ వ్యాపారులకు క్షణాలలో తెలిసేది. వలలతో, తుపాకులతో కొట్టి పీపాలలో నింపి పట్టణాలకు పంపేవారు. ఆ జాతిలో కడపటి పావురం 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. అప్పటికి లియోపోల్డు వయస్సు ఇరవైయేడు.

యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చదివి 1909లో ఆయన ప్రభుత్వ అటవీశాఖలో చేరాడు. ఉద్యోగం ఆరిజోనా, న్యూమెక్సికో ప్రాంతాలలో. 1912లో ఎస్టెల్లా అనే ఆమెను పెండ్లాడాడు. మరుసటి ఏడు గాలివానలో చిక్కుకుని మూత్రపిండాల జబ్బుతో మంచంపట్టి, ఏడాదికి పైగా కోలుకోలేదు. లేచి తిరగగలిగిన తరువాత 1915 ప్రాంతాన ఊరూరా తిరిగి, వేటగాళ్ళను కూడగట్టి సంఘాలు పెట్టించాడు. జీతం పుచ్చుకోకుండా, వేటగాళ్ళే వేటజంతువుల సంరక్షణకు పూనుకోవాలని ఆయన పట్టుదల. ఆ సంఘాలకు ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు.

ఇక్కడ ఆయన తప్పు కూడా చెప్పాలి. లేళ్ళు పెరగాలంటే తోడేళ్ళను, కొండసింహాలను సమూలంగా తుడిచివేయాలని ఆ సంఘాలచేత చెప్పించాడు. తానూ తోడేలును కొట్టాడు. తోడేళ్ళు పోయినచోట లేళ్ళు పెరిగి, కొండల మీది పచ్చదనమంతా మేసివేసి, తుదకు ఆకలితో చావటం తరువాత చూశాడు. తాను కొట్టిన ముసలి తోడేలు కళ్ళలో వెలుగు ఆరిపోవటాన్ని గూర్చి, ముప్పయి అయిదేళ్ళు గడిచాక, 1944లో వ్యాసం వ్రాసి తన పొరపాటు ఒప్పుకున్నాడు. పెద్దవారు పొరపాటును ఒప్పుకోవటం అరుదు, అచ్చులో ఒప్పుకోవటం మరీ అరుదు.

1924లో ఉద్యోగంమీద విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేడిసన్‌కు మకాం మార్చాడు. నాలుగేళ్ళ తరువాత ఆ ఉద్యోగం వదలి, మధ్యపశ్చిమ రాష్ట్రాలన్నీ తిరిగి వేటపిట్టల పరిస్థితి పరిశీలించే పని పెట్టుకున్నాడు. ఖర్చు భరించినవారు తుపాకులూ తూటాలూ చేసే కంపెనీలవారు. పిట్టలు లేకపోతే తూటాలు ఎవరు కొంటారు? లోకంలో మంచి పనులు కొన్ని ఇటువంటి స్వార్థంనుంచే బయలుదేరుతాయి.

తిరిగి చూస్తే, చట్టాలున్నా పూరేడు పిట్టలు తగ్గిపోతూనే వున్నాయి. తుపాకి ఒక్కటే కారణం కాదని ఆయనకు తేలింది. రైతు శుభ్రంగా సేద్యం చేయటం మొదలుపెట్టి గట్లమీది పొదలు నరికాడు, చిత్తడి నేలలోని నీరు తీసివేశాడు, అడవి చెక్కలలోకి పశువులను తోలాడు. గింజ ఒకచోట, గూటికి గడ్డి ఒకచోట, డేగ వస్తే దాగే ముళ్ళపొద ఒకచోట వుంటే పిట్టకు సరిపోదు. మూడూ దాని నడక దూరంలో వుండాలి. గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి ఏవి పిట్టల బ్రతుకు చెరిచాయో, వివేకంతో వాడితే వాటితోనే మళ్ళీ నిలబెట్టవచ్చునని 1933లో వెలువరించిన పెద్ద గ్రంథంలో వివరించాడు. ఆ ఏడే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయనను ఈ విద్యకు ప్రొఫెసరుగా నియమించింది.

గ్రంథం కంటె ముందే, 1931లో, ఒక ఆదివారం ఆయన వేటకు చోటు వెదుక్కుంటూ మేడిసన్‌కు దగ్గరలోని రైలీ గ్రామంవైపు పోయాడు. దాహమై ఒక రైతు వాకిట ఆగాడు. రైతు బావిదగ్గర పాలక్యానులు కడుగుతున్నాడు. మాటమీద మాట వచ్చింది. హద్దుపలకలు ఎన్ని పాతినా పట్నపు వేటగాళ్ళు చేలో జొరబడి పిట్టలన్నీ కొట్టుకుపోతున్నారని రైతు బాధ. వేటాడుకునే చోటూ, తాను చదివినదానిని ఆచరణలో పెట్టే చోటూ కావాలని లియోపోల్డు అవసరం. రెండు అవసరాలూ ఒక దారికి వచ్చాయి. ఇరుగుపొరుగు రైతులు కొందరు, పట్నంనుంచి లియోపోల్డు స్నేహితులు కొందరు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు.

ఏర్పాటు సులువైనది. భూమి రైతులది. దాణాకూ మొక్కలకూ డబ్బు పట్నంవారిది. పని ఇద్దరిదీ. విస్కాన్సిన్ చలికాలం మన ఊహకు అందేది కాదు. నెలల తరబడి నేల మంచుకింద వుంటుంది, పిట్టకు గింజ దొరకదు. అందుకని అక్కడక్కడ దాణాతొట్లు కట్టి జొన్నలూ మొక్కజొన్నలూ పోసేవారు. గాలికి అడ్డంగా దేవదారు జాతి మొక్కలు నాటారు. చిత్తడిచెక్కలు కొన్నింటికి కంచె వేసి ఆవులు పోకుండా చేశారు. ఎవరు ఎన్ని కొట్టిందీ, చలి తరువాత ఎన్ని మిగిలిందీ లెక్క వ్రాసుకున్నారు. ప్రొఫెసరుగారు గునపం పట్టి, రైతులతో సమానంగా మంచులో నడిచి తొట్లు నింపేవాడు. తొమ్మిదేళ్ళ అనుభవాన్ని 1940లో ఒక శాస్త్రపత్రికలో ప్రకటించాడు. నా దృష్టిలో ఆయన చేసినవాటిలో ఘనమైనది ఈ చిన్న సంఘమే. చట్టం చేయలేని పని అక్కడ ఇరుగుపొరుగు మంచితనం చేసింది. అలా అని ప్రభుత్వం పనిని ఆయన తోసిపుచ్చలేదు. 1934లో బాతుల వేటగాళ్ళు ఒక డాలరు పెట్టి బిళ్ళ కొనాలనీ, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కాపాడాలనీ అమెరికా ప్రభుత్వం ఏర్పాటుచేసిన సంవత్సరంలోనే, వన్యప్రాణుల పునరుద్ధరణకై అధ్యక్షుడు నియమించిన ముగ్గురు సభ్యుల సంఘంలో ఆయన వున్నాడు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, 1991 నాటి సవరణా వచ్చిన తరువాత వేట సరదా మూతపడింది. కనుక తుపాకి సంగతి అలా వుంచుదాం. గట్టుమీద పొద వుంటేనే కౌజు కూస్తుందన్న సంగతి మాత్రం మన పల్లెల పెద్దలు ఏ గ్రంథమూ చదవకుండానే ఎరుగుదురు.

1935లో విస్కాన్సిన్ నది ఒడ్డున, పంట పండక వదిలేసిన పొలం ఒకటి చవకగా కొన్నాడు. మొదట్లో అది వేటకు పోతే తలదాచుకునే చోటుగానే అనుకున్నాడు. అక్కడ నిలిచివున్నది ఒక్క కోళ్ళకొట్టం. దానిని బాగుచేసి, భార్యా, అయిదుగురు పిల్లలూ వారాంతాల్లో అక్కడే గడిపేవారు. ఎస్టెల్లా విలువిద్యలో రాష్ట్ర మహిళా విజేత, ఆ విల్లు భర్త స్వయంగా చెక్కి యిచ్చింది! ఏటా వేలకొలది దేవదారులు నాటారు. మొదటి ఏడు నాటినవి వర్షాలు లేక చాలాభాగం ఎండిపోయాయి. మళ్ళీ నాటారు.

1943 నుంచి రాష్ట్ర సంరక్షణ సంఘంలో సభ్యుడుగా వుండి, లేళ్ళు మితిమీరాయి, తగ్గించాలి అన్నందుకు ఆయన తిట్లు పడ్డాడు. తిట్టినవారిలో వేటగాళ్ళూ వున్నారు. తనవారే తిట్టటం ఎటువంటిదో పడ్డవారికే తెలుసు. ఆయన మాట మార్చుకోలేదు.

1948 ఏప్రిల్ 14వ తేదీన, ఎన్నో ఏళ్ళుగా వ్రాస్తూ వచ్చిన వ్యాసాల సంపుటిని అచ్చువేస్తామని ప్రకాశకులనుంచి కబురు వచ్చింది. వారం తిరిగేసరికి, 21వ తేదీన, పొరుగు రైతు పొలంలో గడ్డికి నిప్పు అంటుకుంది. మంటలార్పటానికి పోయి, గుండె ఆగి, ఆ గడ్డిలోనే లియోపోల్డు కన్నుమూశాడు. వయస్సు అరవైయొకటి. మరుసటి ఏడు వెలువడిన ఆ పుస్తకం ఈనాటికీ లోకమంతటా చదువుతున్నారు.

ఆయన శిష్యులలో ఫ్రెడరిక్, ఫ్రాన్సెస్ హామర్‌స్ట్రాం అనే దంపతులు వుండేవారు. విస్కాన్సిన్‌లో గడ్డిభూములు నశించి, ప్రెయిరీ కోడి అనే పిట్ట అంతరించే స్థితికి వస్తే, ఆ దంపతులు తమ జీవితమంతా దానికే అంకితం చేశారు. 1950ల నుంచి ఆ కోడికోసం గడ్డినేల కొనిపెట్టినవారిలో మేడిసన్ ప్రాంతపు వేటగాళ్ళ సంఘమూ వుంది. ఏటా వసంతంలో, తెల్లవారకముందే, ఎక్కడెక్కడినుంచో స్వచ్ఛందంగా వచ్చినవారు ఆ దంపతుల పాత ఇంట్లో రాత్రి పడుకుని, చీకటిలో లేచి, చలికి వణుకుతూ చిన్న గుడారపు మాటుల్లో కూర్చునేవారు. కాస్త వెలుగు రాగానే మగకోళ్ళు మెడసంచులు ఉబ్బించి, కాళ్ళు టపటపలాడిస్తూ ఆటకు దిగేవి. మాటుల్లో వున్నవారు వాటిని లెక్కవ్రాసుకునేవారు.