గిడుగు రామమూర్తి పంతులుగారు: ముప్పదియేండ్ల ఉపాధ్యాయత్వము

అనుభవశాలియైన ఉపాధ్యాయుడొకడు బడి విడిచిపోయినప్పుడు కలుగు నష్టము ఆ యేటి లెక్కలలో కనబడదు. మఱియొకని నియమించితిమని అధికారులు తృప్తి నొందుదురు. పిల్లల చేతికి ఏ పుస్తక మీయవలెనను ప్రశ్నయు సాధారణముగ బడిగదికి దూరమున కూర్చుండు వారే తీర్మానింతురు. ఈ రెండును వేఱువేఱు విషయములని లోకము తలచుచున్నది. అవి ఒక్కటేయని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము మనకు తెలుపుచున్నది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగ ఆయన నెఱుగని ఆంధ్రుడు లేడు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేది తెలుగు భాషా దినముగ నేడు జరుపబడుచున్నది. అయినను బడిపంతులుగ ఆయనను స్మరించువారు తక్కువ. ఆ యుద్యమము మొలకెత్తినది బడిగదిలోనే యని మఱువరాదు.

రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరమున శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువను వంశధారా తీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో తండ్రి వీర్రాజుగారు గతించిరి. బాలుడు విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివెను. గురజాడ అప్పారావుగారు అచట ఆయనకు సహపాఠి. మెట్రిక్యులేషను ముగిసిన వెంటనే, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో క్రింది తరగతులకు చరిత్ర బోధించు ఉపాధ్యాయుడుగ ప్రవేశించెను. అప్పటికి ఆయనకు పదునేడేండ్లు నిండలేదు. 1911లో ఉద్యోగ విరమణము చేయువఱకు ఆయన ఆ యూరిని విడువలేదు.

ఇంగ్లీషు చదివినవానికి ఆ దినములలో కచేరీ కొలువులు, ప్లీడరు వృత్తి పిలుచుచుండెను. బడిపంతులు పని వేఱొక పని దొరకువఱకు తలదాచుకొను సత్రము వంటిదని పలువురు భావించిరి. అట్టి కాలమున ఈయన ఒక్కచోట ముప్పదియేండ్లు నిలిచెను. ఎట్లు నిలువగలిగెనని విచారించుట మనకు ప్రయోజనకరము. ఉద్యోగమున నుండియే ఆయన ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలయందు కృతార్థుడయ్యెను. పాఠశాల కళాశాలగ పెరిగినప్పుడు పై తరగతులకు బోధించు అవకాశము లభించెను. చరిత్ర పాఠము చెప్పుచునే ముఖలింగ దేవాలయములలోని శాసనములను స్వయముగ చదివి, గాంగవంశపు రాజులనుగూర్చి వ్యాసములు వ్రాసి ప్రకటించెను. చదువు చెప్పువానికి తానును చదువుకొనుటకు తీరిక, పైకెక్కుటకు మెట్టు ఉండెను. ఉపాధ్యాయుని బడిలో నిలుపునవి ఇవియే. జీతము ముఖ్యమే, కాని జీతమొక్కటియే చాలదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి బిడ్డలకు అప్పుడు చదువు లేకుండెను. వారి భాషకు పుస్తకము లేకుండెను. తెలుగును సవరభాషయు నెఱిగిన యొకనిని పంతులుగారు తన యింట నిలుపుకొని ఆ భాష నేర్చుకొనిరి. ఈ పరిశ్రమ అనేక సంవత్సరములు సాగెను. సవరభాషలో వాచకములు వ్రాసి, తన సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, బిడ్డలకు వారి మాటలోనే అక్షరములు చెప్పించిరి. మన్యపు జ్వరములు సోకగా మింగిన క్వినైను వలన ఆయన వినికిడి చెడెను. మాటలను చెవితో పట్టుటయే తన పనిగ పెట్టుకొన్నవానికి ఇంతకన్న గొప్ప వెల యేమున్నది? అయినను పని మానలేదు. మదరాసు ప్రభుత్వమువారు 1913లో రావుబహద్దరు బిరుద మిచ్చిరి. సవర వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను వెలువడెను.

మొదటి పుస్తకము బిడ్డ ఎఱిగిన మాటలో నుండవలెనను సూత్రమును ఆయన కొండబడులలో చేతులార చేసి చూచెను. పిమ్మట తెలుగు తరగతులను చూడగా అచటను అదే లోపము కానవచ్చెను. బాలురు ఇంటను వీధిని పలుకు తెలుగు ఒకటి. పుస్తకమున చదివి పరీక్షలో వ్రాయవలసినది మఱియొకటి. ఉపాధ్యాయుని కాలమంతయు అర్థములు వల్లెవేయించుటలో గడచుచుండెను. తన తలపును తాను వ్రాయగల విద్యార్థి అరుదు. 1907 ప్రాంతమున ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చిన యేట్సు దొరయు తెలుగు బోధనను చూచి అసంతృప్తి చెందెను. విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, గిడుగువారు ఆయనతో కలిసి విచారించిరి. పరీక్షలో శిష్టవ్యావహారికమున వ్యాసము వ్రాయుటకు అనుమతి కావలెనని కోరిరి.

కొలదికాలమునకే స్కూలు ఫైనలు పరీక్షలో విద్యార్థులు రెండు రీతులలో దేనినైనను అవలంబింపవచ్చునని ఉత్తరువు వెడలెను. మాదిరులుగ ఒకవైపు చిన్నయసూరి నీతిచంద్రిక, మఱియొకవైపు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర పేర్కొనబడెను. పండితలోకమున గొప్ప కల్లోలము చెలరేగెను. జయంతి రామయ్యపంతులుగారు మొదలగువారు దానిని ఎదిర్చిరి. నూతనరీతి ప్రబలిన యెడల బాలురకు ప్రాచీన వాఙ్మయము అందకపోవునని వారి భయము. ఆ భయము నిరాధారమని మేము చెప్పము. కాని గిడుగువారు కావ్యములను త్రోసివేయుమనలేదు. కావ్యము చదువుటకు, వర్తమాన భాష వ్రాయుటకు అని వేఱుపఱచిరి. వ్యాకరణమున కట్టుబడితిమనువారి వ్రాతలలోనే తప్పులెన్ని యున్నవో గ్రంథములనుండి ఎత్తి చూపిరి. విశ్వవిద్యాలయపు సంఘము ఆయన పక్షము నంగీకరింపలేదు. గురజాడవారు 1914లో తమ భిన్నాభిప్రాయమును విపులముగ వ్రాసి సమర్పించిరి. మఱుసటి యేటనే కాలధర్మము నొందిరి.

ఓడిన యుపాధ్యాయుడు ఇల్లు చేరి ఊరకుండలేదు. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. జీవితమున అధిక భాగము తెలుగు బోధించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. ఆ సంవత్సరమే తెలుగు అను పత్రికను స్థాపించి వాదమును సాగించిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, యౌవనము మొదలు నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదిని దివంగతులైరి. ఆయన కోరిన భాష పాఠ్యపుస్తకములలో స్థిరపడుటకు ఆ పిమ్మట దశాబ్దములు పట్టెను.

ఏ రీతి శ్రేష్ఠమను తీర్పు చెప్పుటకు మేమీ వ్యాసము వ్రాయలేదు. పాతరీతియందే వ్రాయుచున్న మాకు ఆ తీర్పు తగదుకూడ. మా మనవి వేఱు. ఆ వాదమున ఇరుపక్షములందును విద్వాంసు లుండిరి. గిడుగువారికి విద్వత్తుతోడ మఱియొక బలముండెను. ఏ వాక్యము నొద్ద పిల్లవాడు ఆగిపోవునో ముప్పదియేండ్లు కన్నులార చూచిన యెఱుక. అది గ్రంథాలయమున దొరకదు. రెండేండ్లకు పని మార్చుకొనువానికి అలవడదు. దానిని సంపాదించుటకు ఒక మనుష్యుని యాయుష్షే పట్టును. ఇట్టివాడు బడి విడిచిననాడు ఆ యెఱుకయు ఆయనతోనే పోవును. పుస్తకములను నిర్ణయించు సంఘమునకు అది మరల చిక్కదు.

నేడును పాఠ్యపుస్తకములు మాఱుచునే యున్నవి. ఉపాధ్యాయులును మాఱుచునే యున్నారు. కొత్త పుస్తకము తెచ్చుటలో ఉన్న శ్రద్ధ పాత గురువును నిలుపుకొనుటలో లేదు. ఒప్పందపు కొలువులతో వచ్చిన యువకుడు నిలువడు. బడిపని కాని వ్రాతకోతలతో విసిగిన పెద్దవాడును నిలువడు. గ్రామములందు పెద్దలుగను, పట్టణములందు పాఠశాలల పోషకులుగను ఉన్న మన పాఠకులు ఒక్క పని చేయవలెను. మీ యూరి బడిలో పదియేండ్లు దాటి పనిచేసిన ఉపాధ్యాయు లెందఱున్నారో లెక్కింపుడు. వారు పోకుండుటకు ఏమి కావలెనో వారినే యడుగుడు. ఏ పుస్తకము పిల్లల నోట నిలిచినది, ఏది బరువైనదను ప్రశ్నయు ముందుగ వారినే యడుగుడు. పంతులుగారి పేర ఏటేట సభలు చేయుచున్నాము. బడిపంతులు మాటకు విలువనిచ్చిననాడు గదా ఆ సభలకు సార్థకత!