లుడ్విగ్ మాండ్

వేడిలోహపు రేణువులపై కర్బనవాయువులను ప్రవహింపజేసి శాస్త్రజ్ఞులు నేడు నానోనాళికలను పెంచుచున్నారు. లోహముపై నిట్లు దిగిన కర్బనమే యొకప్పుడు వట్టి మసియై లుడ్విగ్ మాండ్ పనికి గొప్ప విఘాతము కలిగించెను.

ఈయన 1839 లో జర్మనీయందలి కాసెల్ పట్టణమున జన్మించెను. హైడెల్బర్గులో బున్సెన్ పండితునియొద్ద రసాయనశాస్త్రము నభ్యసించెను గాని పట్టము పొందలేదు. 1862 లో ఇంగ్లండునకు వచ్చి, 1873 లో జాన్ బ్రన్నరుతో గూడి విన్నింగ్టనునందు సోడా కర్మాగారమును స్థాపించి ధనవంతుడయ్యెను. ఆ సంగతి యటుండనిండు.

సోడాపనిలో వచ్చు నవాసాగరమునుండి క్లోరీను తీయవలెనని మాండ్ సంకల్పించి, దాని యావిరికి నికెలు కవాటములు పెట్టించెను. ప్రయోగశాలలో నవి చక్కగా పనిచేసినవి. కర్మాగారములోనో, నల్లని మసి పట్టి, కవాటములు చెడి, వాయువు కారసాగెను. ఎంతయో వెచ్చించిన పని నిలిచిపోవునట్లుండెను. మఱియొకడైనచో వేఱు లోహమును తెప్పించి యూరకుండెడివాడే. మాండ్ మసినే పరీక్షింపజేసెను. అది కర్బనము! సున్నపుబట్టీల వాయువులో కార్బన్ మోనాక్సైడు కొలదిగా కలసియుండెననియు, వేడి నికెలు తాకి యది కర్బనమును విడిచెననియు తేలెను.

అంతట లాంగరు, క్వింకె అను సహాయులతో గాజుగొట్టమున నికెలుపొడి నుంచి యా వాయువును పంపి చూచెను. అది విషము గనుక గొట్టపు కొనయందు మండించుచుండిరి. నికెలు చల్లారుచుండగా నీలిమంట హఠాత్తుగా తెల్లని కాంతితో వెలిగెను. గొట్టమును వేడిచేయగా లోపల నద్దమువంటి పూత యేర్పడెను. అది శుద్ధమైన నికెలు! లోహము వాయువుతో గూడి, 43 డిగ్రీలకే మరగు ద్రవమైనదన్నమాట. ఈ వింత 1890 లో ప్రకటితమైనది.

దీనితో నికెలు శుద్ధిచేయుటకు 1902 లో వేల్సునందు క్లైడాకులో కర్మాగారము వెలసెను. ఆ ద్రవపు టావిరి మిగుల విషపూరితము. తొలిదినములలో కొందఱు పనివారు దానివలన ప్రాణములు గోల్పోయిరి. మాండ్ కీర్తిని చెప్పునపుడు వీరిని మఱువరాదు.

ఆయన 1896 లో లండనునందు డేవీ-ఫారడే ప్రయోగశాలను నెలకొల్పి, 1909 లో మరణించెను.

నానోనాళిక తలవెండ్రుకకన్న వేలరెట్లు సన్నన. ఇనుము, నికెలు, కోబాల్టుల సూక్ష్మరేణువులపై 600 మొదలు 1000 డిగ్రీల వేడిలో వాయువు విడిపోగా, కర్బనము బోలుగొట్టమై పెరుగును. 1999 లో అమెరికాయందలి రైస్ విశ్వవిద్యాలయమువారు కార్బన్ మోనాక్సైడుతోనే నాళికలను పెంచిరి. రేణువులకై వారు వాడిన యినుప కార్బొనైలును గూర్చి మాండ్ 1891 లోనే ప్రకటించియుండెను.